జీవావరణ శాస్త్రము: కొన్ని మాటల చరిత్ర



ప్రతి వృత్తికిని దాని మాటలు దానికి గలవు. సేద్యము చేయువారికి అదును, పదును, మాగాణి, మెట్ట అను మాటలెట్టివో మీకు నేను చెప్పనక్కఱలేదు. వానిని ఏ పండితుడును కూర్చుండి కల్పింపలేదు. అదును తప్పి విత్తి పంట పోగొట్టుకొన్న రైతులు ఎందఱో యుండుటచేతనే ఆ మాటకు మన పల్లెలలో అంత బరువు కలిగినది. శాస్త్రములలోని మాటలును పెక్కు ఇట్టివే. నేడు జీవావరణ శాస్త్రమునకు చెందిన కొన్ని మాటలను, అవి యెప్పుడు, ఎవరివలన, ఏ సందర్భమున పుట్టినవో మనవి చేసెదను. వీనిలో కొన్ని ఓపికతో లెక్కలు చూచినందున దొరకినవి. కొన్ని మాత్రము గొప్ప నష్టమును చెల్లించి మనుష్యుడు కొన్నవి.

ఈ శాస్త్రమునకు పేరు పెట్టినవాడు జర్మనీ దేశమున యేనా విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రాచార్యుడుగా నుండిన ఎర్నెస్టు హెకెల్. ప్రాణికోటి యుత్పత్తినిగూర్చి డార్విన్ వ్రాసిన గ్రంథము 1859లో వెలువడగా, హెకెల్ ఆ మతమును స్వీకరించి, 1866లో తానొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందులోనే 'ఎకాలజీ' అను మాట మొదట కనబడును. గ్రీకు భాషలో 'ఓయికోస్' అనగా ఇల్లు. అర్థశాస్త్రమునకు పాశ్చాత్యులు వాడు 'ఎకనామిక్స్' అను పేరును ఈ మాటనుండి పుట్టినదే. ఇంటి ఆదాయవ్యయములను విచారించునది ఒకటి. ఆ ఇంటిలో ఎవరెవరు కాపురమున్నారు, ఒకరికొకరు ఏమగుదురు అని విచారించునది రెండవది. చచ్చిన పక్షిని ఎండబెట్టి, గాజుపెట్టెలో నుంచి, దాని ఱెక్కలను కొలిచినంతమాత్రమున ఆ పక్షిని తెలిసికొనినట్లు కాదు. అది యేమి తినును, దానిని ఏది తినును, ఏ చెట్టుపై గూడు కట్టును, ఏ గాలికి, ఏ చలికి ఓర్చును అనునవి తెలియవలెను. ప్రాణికిని దాని పరిసరములకును గల సంబంధమును తెలుపు శాస్త్రమని హెకెల్ చేసిన నిర్వచనమునకు భావమిదియే. తెలుగున దీనికి జీవావరణ శాస్త్రమని పేరు.

హెకెల్ పేరు మాత్రమే పెట్టెను. అప్పటికి ఆ యింటిలోపలికి ఎవరును పోయి చూడలేదు. చూచుటకు అవకాశమిచ్చినది ఒక వ్యాపారము. జర్మనీకి ఉత్తరమున సముద్రపుటొడ్డునగల ష్లెస్‌విగ్-హోల్‌స్టీన్ ప్రాంతమున ఆల్చిప్పలు దొరకును. యూరపు ఖండమువారికి ఇవి మిక్కిలి ప్రియమైన ఆహారము. రైలుమార్గములు ఏర్పడిన పిమ్మట సముద్రతీరమున పట్టిన చిప్పలు దూరమందలి పట్టణములకు చెడక చేరుచుండెను. అందువలన గిరాకి పెరిగెను. గిరాకి పెరిగినకొలది పట్టుటయు పెరిగెను. ఫ్రాన్సుదేశమున చిప్పలను పెంచుచున్న పద్ధతి తమ తీరమున సాగునా యని తెలిసికొనుటకు ప్రష్యా ప్రభుత్వము కీల్ నగరమందలి ఆచార్యుడైన కార్ల్ మోబియస్‌ను నియోగించెను. ఆయన 1870కి ముందే ఫ్రాన్సు, ఇంగ్లండు తీరములకు పోయి పరీక్షించి, తన యభిప్రాయమును 1877లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను.

ఆయనకు కనబడిన విషయమిది. ఆల్చిప్ప ఒక్కొక్కటి ఏటికి లక్షలకొలది పిల్లలను విడుచును. ఇంత సంతానము గలదానికి క్షయమెట్లు కలుగును, ఎంత పట్టినను తఱుగదు గదా యని వర్తకులు తలచిరి. కాని ఆ లక్షలలో పెరిగి పెద్దవగునవి ఏ కొన్నియో. అతుకుకొనుటకు గట్టినేల దొరకవలెను, బురద కప్పివేయకుండవలెను, పీతలు, చేపలు తినివేయకుండవలెను, ఆహారము చాలవలెను. సముద్రగర్భమున చిప్పలుండు తిట్టపై చిప్పలు మాత్రమే యుండవు. పురుగులు, నత్తలు, పీతలు, స్పంజికలు, చేపలు మున్నగు నెన్నియో ప్రాణులు కలిసి కాపురము చేయుచుండును. అచటి చోటును, ఆహారమును వాని సంఖ్యలను ఒక హద్దులో నిలుపుచుండును. ఫ్రాన్సు పడమటి తీరమున కొన్ని తిట్టలపై మితిమీఱి పట్టినందున ఆల్చిప్పలు తగ్గిపోగా, ఆ చోటు ఊరకుండలేదు. వేఱుజాతుల చిప్పజీవులు వచ్చి ఆక్రమించెను. ఇల్లు ఖాళీగా నుండదు. పాతవారు పోయిన క్రొత్తవారు చేరుదురు. పిమ్మట పట్టుట మానినను పూర్వపు ప్రాణికి తన చోటు తిరిగి దొరకుట కష్టము. ఈ కలిసి కాపురముండు ప్రాణుల కూటమికి మోబియస్ 'బయోసినోసిస్' అని పేరు పెట్టెను. దీనినే మనము జీవసముదాయము అనుచున్నాము. ఈ శాస్త్రపు పునాదులలో నొకటియైన మాట ఇట్లు పాడుపడుచున్న చిప్పల తిట్టలపై పుట్టినది.

జీవసముదాయము ఎల్లకాలము ఒకే తీరున ఉండదు. రెండుమూడేండ్లు బీడుపడిన చేనిని మీరు చూచియే యుందురు. మొదట గడ్డి, పిమ్మట పొదలు, ఆ పొదల నీడన చిన్న చెట్లు లేచును. ముందు వచ్చినవి వెనుక వచ్చువానికి నేలను సిద్ధపఱచి, తాము తొలగును. అమెరికాలో మిచిగన్ సరస్సుతీరమునగల యిసుకదిబ్బలపై ఈ వరుసను హెన్రీ కౌల్స్ పరిశీలించి 1899లో ప్రకటించెను. ఒడ్డున వట్టి యిసుక. లోనికి నడచినకొలది గడ్డి, పొదలు, చివరకు అడవి. ఆ నడకలోనే ఎన్నో ఏండ్ల చరిత్ర ఆయనకు కనబడినది. దీనికి అనుక్రమము అని పేరు. బీడు అడవియగుటకు ఎన్నో ఏండ్లు పట్టును. అడవి బీడగుటకు గొడ్డలి గల ఒక వేసవి చాలును.

ఇక ఈ కాపురములో ఎవరు ఎవరిని తిందురను ప్రశ్న వచ్చినది. దీనికి చక్కని సమాధానమిచ్చినవాడు ఇంగ్లండుదేశపు చార్లెస్ ఎల్టన్. 1921లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఉత్తరధ్రువమునకు సమీపమునగల స్పిట్స్‌బర్గెన్ దీవులకు యాత్ర పోగా, అప్పటికి ఇరువది యేండ్లు దాటిన విద్యార్థియైన ఎల్టన్ వారితో వెళ్లెను. మంచుదేశమగుటచే అచట ప్రాణిజాతులు కొలదిగా నుండును. అందుచేత దేనికేది ఆహారమో ఒక్క కాగితముపై గీయుటకు వీలయ్యెను. నీటిలోని నాచును సూక్ష్మజీవులు తినును, వానిని చేపలు, చేపలను పక్షులు, పక్షులను నక్కలు తినును. ఈ వరుసకు ఆహారపు గొలుసు అని పేరు. ఒక ప్రాణి అనేకములను తినును, ఒకదానిని అనేకములు తినును గనుక గొలుసులు పెనవేసికొని వలయగును. అది ఆహారపు వల. 1927లో ఎల్టన్ జంతుజీవావరణమునుగూర్చి వ్రాసిన చిన్న గ్రంథమునందు ఈ భావములు స్పష్టముగా కూర్పబడెను. పచ్చిక కోటానుకోట్లు, మిడుతలు లక్షలు, కప్పలు వేలు, పాములు పదులు, గ్రద్ద ఒక్కటి: క్రిందినుండి పైకి పోయినకొలది సంఖ్య తగ్గును. దీనికి సంఖ్యల గోపురమని పేరు పెట్టవచ్చును. మఱియు ప్రతి ప్రాణికిని సముదాయములో ఒక వృత్తి గలదని ఆయన చెప్పెను. ఊరిలో ఒకనిని చూచి 'వడ్రంగి' అనినచో అతని యింటి చిరునామాను కాదు, ఊరికి అతడు చేయు పనిని చెప్పినట్లు గదా. ప్రాణియొక్క ఇట్టి స్థానమునకు ఇంగ్లీషున 'నిష్' అందురు.

ఎల్టన్ కొంతకాలము హడ్సన్ బే కంపెనీవారికి సలహాదారుగా నుండెను. కెనడాదేశపు అడవులలో దొరకు ఉన్నిచర్మములను కొని అమ్మిన పెద్ద వర్తకసంఘమది. పూర్వము మన గ్రామములలో కరణములు వ్రాసిన లెక్కలవలె ఆ కంపెనీవారు ఏ యేట ఎన్ని చర్మములు వచ్చెనో నూఱేండ్లకు మించి వ్రాసియుంచిరి. లింక్స్ అను అడవిపిల్లి చర్మముల లెక్కను చూడగా, సుమారు పదియేండ్లకొకమారు మిక్కిలి హెచ్చి, మఱల మిక్కిలి తగ్గుచుండెను. దాని ముఖ్యాహారమైన కుందేళ్లును అట్లే హెచ్చుచు తగ్గుచుండెను. కుందేళ్లు హెచ్చిన పిల్లులు హెచ్చును. పిల్లులు హెచ్చి, మేత కొఱవడి కుందేళ్లు తగ్గును. పిమ్మట పిల్లులు తగ్గును. వర్తకుడు లాభనష్టముల కొఱకు వ్రాసికొన్న చిట్టా, అడవిలోని లెక్కను చూపు శాస్త్రగ్రంథమైనది. లెక్క వ్రాసియుంచుటవలన ప్రయోజనమెంతటిదో దీనివలన తెలియుచున్నది. ఈ మాటను ముందు మఱల జ్ఞప్తికి తెచ్చెదను.

ఇంతవరకు చెప్పినది ప్రాణులనుగూర్చియే. ఎండ, నీరు, మన్ను, గాలి వీని సంగతి యేమి? 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అను ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు, ప్రాణులను ఒకవైపునను పరిసరములను మఱియొకవైపునను పెట్టి విడదీయరాదని, రెండును కలిసి యొకే వ్యవస్థయని వాదించి, దానికి 'ఎకోసిస్టమ్' అని పేరు పెట్టెను. తెలుగున ఆవరణ వ్యవస్థ అనుచున్నాము. దీనిని తెలిసికొనుటకు మన ఊరి చెఱువుకంటె మంచి పాఠశాల లేదు. చెఱువులో పాచి, తామర, తుంగ ఎండను గ్రహించి ఆహారమును తయారుచేయును, ఇవి ఉత్పత్తిదారులు. పాచిని తిను నీటిపురుగులు, పురుగులను తిను చిన్న చేపలు, వానిని తిను కొఱ్ఱమట్టలు, ఆ చేపలను తిను కొంగలు, చేపలను పట్టు మనుష్యులు: వీరందఱు వినియోగదారులు. చచ్చినదానిని, కుళ్లినదానిని విడదీసి మఱల మన్నుగా చేయు కంటికి కనబడని సూక్ష్మజీవులును, బూజులును విచ్ఛిన్నకారులు. ఎండకాలమున పూడికమట్టిని తీసి పొలమునకు తోలు రైతు, ఎఱిగియో ఎఱుగకయో, ఈ విచ్ఛిన్నకారుల శ్రమఫలమునే బండ్లకెత్తుచున్నాడు. గట్టు, తూము, అలుగు, మబ్బు, ఎండ అన్నియు ఆ వ్యవస్థలోనివే.

ఈ చెఱువు లెక్కను మొట్టమొదట అణాపైసలతో తేల్చినట్లు తేల్చినవాడు రేమండ్ లిండెమన్ అను అమెరికా యువకుడు. మినెసోటా రాష్ట్రమున సీడర్ బాగ్ అను చిన్న మడుగును అతడు భార్యతో కలిసి కొన్ని సంవత్సరములు శ్రద్ధతో పరిశోధించెను. ఎవరు ఎవరిని తినుచున్నారని మాత్రమే కాక, ఎండనుండి వచ్చిన శక్తి ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు ఎంత చేరుచున్నదని అతడు ప్రశ్నించెను. అతని వ్యాసమును పరీక్షించిన పెద్దలు ఊహ ఎక్కువగా నున్నదని మొదట త్రోసివేసిరి. తుదకు అంగీకరింపబడినది గాని, అచ్చులో చూచుకొను భాగ్యము అతనికి లేదు. 1942 జూన్ మాసమున, 26 ఏండ్ల వయస్సున, అతడు వ్యాధిచే మరణించెను. వ్యాసము ఆ యేటి అక్టోబరులో వెలువడెను.

అతడు చూపిన మార్గమున పిమ్మటివారు తేల్చినదేమనగా, ఒక మెట్టునందలి శక్తిలో పై మెట్టునకు చేరునది స్థూలముగా పదవవంతు. ఇది అన్నిచోట్లను సరిగా పదవవంతే యనరాదు. కాని గొప్ప భాగము దారిలో ఖర్చగునన్నది నిశ్చయము. తిన్న ఆహారములో ఎక్కువభాగము కదలుటకు, శ్వాసించుటకు, వేడిగా నుండుటకు వ్యయమగును. సంఖ్యల గోపురము శిఖరమున సన్నగిల్లుటకు ఇదియే కారణము. మఱియొక ముఖ్యమైన భేదము గలదు. మన్నులోని సారము చక్రమువలె తిరుగును: పైరునుండి పశువునకు, పశువునుండి పెంటకు, పెంటనుండి మఱల పైరునకు. శక్తి యట్లు తిరుగదు. నిన్నటి యెండ మఱల రాదు. ప్రతిదినమును సూర్యుడు క్రొత్తగా పెట్టుబడి పెట్టవలసినదే.

గొలుసున ఆహారమే కాక విషమును ఎక్కునని తెలిసినది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సువలన. అచట చేపలవేటకు వచ్చువారిని దోమలవంటి చిన్న కీటకములు విసిగించుచుండెను. అవి కఱచునవి కూడ కావు. వానిని చంపుటకు 1949లో డీడీటీకి చుట్టమైన డీడీడీ అను మందును సరస్సులో కలిపిరి. ఏడుకోట్ల పాళ్లు నీటికి ఒక పాలు మందు. ఇంత స్వల్పమైనది ఎవరికేమి చేయును? కీటకములు మఱల రాగా 1954లోను, 1957లోను కొంచెము హెచ్చు మోతాదున కలిపిరి. ఆ సరస్సున గ్రీబులను నీటిపక్షులు వేయి జతలకు మించి యుండెడివి. మన చెఱువులలో మునుగుచు తేలుచుండు బుడుబుంగకు అవి జ్ఞాతులు. అవి చచ్చి తేలుట మొదలిడెను. 1960 నాటికి సుమారు ముప్పది జతలు మిగిలెను. చచ్చిన పక్షుల క్రొవ్వును పరీక్షింపగా పదిలక్షల పాళ్లలో 1600 పాళ్ల మందు కనబడెను. నీటిలో నున్నదానికి ఇది అనేకవేల రెట్లు. శక్తి మెట్టుమెట్టునకు తగ్గుచుండగా, కరగి పోని విషము మెట్టుమెట్టునకు చిక్కనగును. పాచి కొంచెము పీల్చును. ఎంతో పాచిని పురుగు తినును. ఎన్నో పురుగులను చేప, ఎన్నో చేపలను పక్షి తినును. అందఱి అప్పును చివరివాడు తీర్చినట్లగును. దీనికి జైవిక వృద్ధీకరణము అని పేరు. రేచల్ కార్సన్ అను అమెరికా రచయిత్రి 1962లో ప్రకటించిన గ్రంథమున ఈ సరస్సుకథను చెప్పుటచే లోకమంతటికి తెలిసెను.

సముదాయములో ఒక్కొక్క ప్రాణి చేయు పని అన్నిటిదియు సమానమా? రాబర్టు పెయిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పసిఫిక్ సముద్రతీరమున ఒక బండపైనుండి నక్షత్రచేపలను మాత్రము పెఱికి పాఱవేయించుచు, ప్రక్కబండను ఊరక విడిచి చూచెను. నక్షత్రచేప అచటి చిప్పలను తినునది. అది లేకపోగా ఒకజాతి చిప్పలు బండనంతయు కప్పివేసెను. పదునైదు జాతులున్న చోట ఎనిమిది మిగిలెను. ఈ ఫలితమును ఆయన 1966లో ప్రకటించెను. కమానునకు నడిమిరాయి యెట్టిదో సముదాయమునకు అట్టి ప్రాణి యుండవచ్చునని చెప్పి, 1969లో దానికి పేరు పెట్టెను. మనము కీలకజాతి యనుచున్నాము. ఏది కీలకమో చూచినంతనే తెలియదు. ఊడిన పిమ్మట తెలియును.

ఈ సంగతిని మన దేశము మిక్కిలి కష్టముతో నేర్చుకొన్నది. రాబందును మీలో పెద్దలు బాగుగ ఎఱుగుదురు. ఊరిబయట పశువు పడిన గడియలోపలనే ఆకాశమున చుక్కలవలె కనబడి, గుంపుగా దిగి, మాంసమును తినివేసి ఎముకలను విడిచి పోయెడిది. అసహ్యమైన పక్షి యని తలచితిమి గాని, ఊరికి జీతములేని పారిశుద్ధ్యపు పని అది చేసెను. భరత్‌పూరు పక్షులవనమున 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లను లెక్కింపగా 353 జతలుండెను. 1996-97లో 150 జతలే కనబడెను. పిమ్మటి యేండ్లలో అదియు నిలువలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన శాస్త్రజ్ఞులు హెచ్చరిక చేసిరి. దేశమంతటను పరిశీలింపగా 1992కును 2007కును నడుమ ఈ తెల్లవీపు రాబందు వేయింటికి తొమ్మిదివందల తొంబదితొమ్మిది వంతున నశించినట్లు తేలెను.

కారణమేమి? తెగులనిరి, ఆహారపు కొఱతయనిరి. నిజమైన కారణమును పాకిస్తానున పరిశోధించినవారు 2004లో బయటపెట్టిరి. పశువులకు నొప్పి, వాపు, జ్వరము తగ్గుటకు ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు. మందు వేసిన పశువు కొలదిదినములలో చచ్చినచో దాని మాంసమున మందు మిగిలియుండును. దానిని తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి, రెండుమూడు దినములలో ప్రాణము పోవును. పశువునకు మేలు చేయవలెనని, దయతో నిచ్చిన మందు అది. నూఱు కళేబరములలో ఒక్కదానికన్న తక్కువవానిలో ఈ విషమున్నను ఇంతటి నాశము కలుగునని లెక్క తేలెను. ఏలనన, ఒక్క కళేబరముపై పదులకొలది రాబందులు వ్రాలును. రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును, పిల్ల పెద్దదై గూడు కట్టుటకు కొన్ని యేండ్లు పట్టును. నష్టము ఒక్క పూటలో జరుగును, పూరించుటకు ఒక తరము కావలెను.

2006లో పశువులకు ఆ మందు వాడుటను భారత ప్రభుత్వము నిషేధించెను. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ అను మందు దాని స్థానమున వచ్చెను. రాబందులకు కీడుచేయునని తేలిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మఱి రెండు మందులను 2023లో నిషేధించిరి. హర్యానాలోని పింజోరు మొదలగు చోట్ల రాబందులను పెంచుచున్నారు. తెలంగాణమున బెజ్జూరు అడవిలోని పాలరాపుగుట్టపై 2013లో కొన్ని పొడుగుముక్కు రాబందులు కనబడగా ఎంతో విశేషముగా చెప్పుకొనిరి. ఒకనాడు ప్రతి ఊరి పొలిమేరన కనబడిన పక్షి ఒక గుట్టపై కనబడుట వార్తయైనది. రాబందులు పోయిన చోట కళేబరములు మిగిలి కుక్కలు హెచ్చినవి. వానితోపాటు కుక్కకాటుభయమును హెచ్చినది. మోబియస్ చెప్పినట్లు, ఖాళీయైన ఇంటిలో మఱియొకరు చేరిరి. కాని ఆ పాతవాని పనిని అంత శుభ్రముగా చేయువారు కారు.

మన కొల్లేటి కథయు ఈ శాస్త్రపు మాటలతోనే చెప్పవలెను. కృష్ణా గోదావరుల నడుమ ఆ సరస్సు బుడమేరు, తమ్మిలేరు మున్నగువాని వఱదను పట్టి, ఉప్పుటేటి మార్గమున మెల్లగా సముద్రమునకు విడుచు సహజమైన పాత్ర. లోతులేని ఇట్టి నీటితావులకు చిత్తడినేలలని పేరు. గతశతాబ్దపు చివరి దశకములలో సరస్సు లోపల చేపలచెఱువులు కోకొల్లలుగా లేచెను. ఒక్కొక్క గట్టు ఒక్కొక్క కుటుంబమునకు ఆదాయము. అన్ని గట్లును కలిసి నీటిదారికి అడ్డు. 1999లో సరస్సు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో ప్రభుత్వము అనేకమైన గట్లను కొట్టివేయించెను. ఆ లంకలలో చేపలపై జీవించువారికి ఇది చిన్న కష్టము కాదు. మనుష్యుని వెలుపల నుంచి ఆవరణ వ్యవస్థను లెక్కింపరాదు. వ్యవస్థను మఱచి మనుష్యుని లాభమును లెక్కింపను రాదు.

ఇవన్నియు పాశ్చాత్యుల మాటలే, మనకు లేవా యని ఎవరైన అడుగవచ్చును. మన దేశమున ఈ శాస్త్రమును కాశీ హిందూ విశ్వవిద్యాలయమున నెలకొల్పి శిష్యులను తయారుచేసినవాడు రామదేవ మిశ్రా. అంతకు ముందు మనవారికి ఈ శాస్త్రము తెలిసియుండెనని గొప్పలు చెప్పుకొనుట సత్యము కాదు. కాని చూపు మాత్రము ఉండెను. కడపసీమలోని పోరుమామిళ్లలో విజయనగరరాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెఱువునకు చెందిన సంస్కృత శాసనము 1369వ సంవత్సరపుది నేటికిని గలదు. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. గట్టునుండి నీరు ఊఱుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట, నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై భూమి విస్తారమగుట, భూమి కొంచెమై నీరు విస్తారమగుట అనునవి ఆ దోషములు. చివరి రెండింటిని చూడుడు. నీరు హెచ్చైనను దోషమే, భూమి హెచ్చైనను దోషమే. రెంటికిని పొందిక కావలెను. ఒకదానిని మఱియొకదానితో చేర్చి చూచుటయే జీవావరణ శాస్త్రమునకు మొదటి పాఠము.

పెద్దలారా, ఈ మాటలను వల్లించి పరీక్షకు కూర్చుండవలసిన పని మీకు లేదు. కాని ఊరికి క్రొత్తమందు వచ్చినపుడు, చెఱువును పూడ్చి యిండ్లస్థలములు చేయుదమను మాట వచ్చినపుడు, పొలిమేరలోని చెట్లతోపును వేలమువేయు తీర్మానము వచ్చినపుడు, మీ మాటకు విలువ గలదు. అప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. దీనిని తినునది యేది? ఇది తినునది యేది? మిగిలినది ఎక్కడికి పోయి చేరును? ఇది లేకపోయిన దీని పనిని ఎవరు చేయుదురు? ఆల్చిప్పల వర్తకులు, సరస్సున మందు కలిపినవారు, పశువుకు సూది వేసినవారు, ఎవరును దుర్మార్గులు కారు. ఈ ప్రశ్నలను అడుగువారు ఆ సభలో లేకపోయిరి, అంతే.

మఱియొక మనవి. చర్మముల చిట్టా లేకున్న అడవిలోని లెక్క తెలియకపోయెడిది. 1987లో గూళ్లను లెక్కింపకున్న రాబందులు ఎంత తగ్గినవో తెలియకపోయెడిది. మీ చెఱువునకు మీ చిన్ననాట ఏ పక్షులు వచ్చెడివి, ఏ చేపలు దొరకెడివి, ఏ నెలలో అలుగు పాఱెడిది అను సంగతులు మీ జ్ఞాపకమున మాత్రమే యున్నవి. నేటి బాలుడు తాను చూచుచున్న చెఱువే ఎప్పుడును ఇట్లుండెనని తలచును. కాబట్టి మీకు తెలిసినదానిని ఒక పుస్తకమున వ్రాయించి ఊరిబడిలో నుంచుడు. అదియే మీ ఊరి జీవావరణ శాస్త్రమునకు మొదటి గ్రంథమగును.